పేరు గాదు, వేరు చూడవలయును

నగరము పెరిగి పల్లెను మ్రింగునపుడు పల్లెటి మందులును నగరపు వేషము ధరించును. హైదరాబాదునకు ఆగ్నేయముననున్న నాదర్‌గుల్ ఇందుకు నిదర్శనము. చేలును, చిన్న విమానములు దిగు మైదానమును కలిగి పల్లెగా నుండిన యీ గ్రామము నేడు కాలనీలతో నిండిపోయినది. ఇచటినుండి ఎల్.బి.నగరు కూడలి మీదుగా దిల్‌సుఖ్‌నగరు వఱకు పోవువారు మందుల షాపులలోను, పచారీ కొట్లలోను, ఆయుర్వేదపు అంగళ్లలోను ఒక్క పేరును పదేపదే చదువగలరు. ఆ పేరు అశ్వగంధ. పూర్వము వైద్యుడు చేసంచి విప్పి, నాడి చూచి, చిటికెడు తూచి యిచ్చిన చూర్ణము నేడు సీసాలలో మాత్రలై, గొట్టములై, తీపిముద్దలై, కాఫీపొడిలో కలగలుపై యమ్ముడుపోవుచున్నది. కొనువారికి నాడి చూచువాడు లేడు. తూచి యిచ్చువాడును లేడు.

కొనువారెవ్వరు? దిల్‌సుఖ్‌నగరునందు పోటీ పరీక్షలకు శిక్షణనిచ్చు సంస్థలును, విద్యార్థుల వసతిగృహములును వీధివీధినను గలవు. ఇల్లు వదలి వచ్చి, నిద్ర మాని చదువుచు, ఫలితము కొఱకు భయపడుచుండు యువకులందు గలరు. వారికి నిద్ర వలయును, ధైర్యము వలయును. చరవాణి తెరపై నెవ్వరో ఒకరు ఈ వేరు రెంటిని నిచ్చునని చెప్పుదురు. కండలు పెంచగోరి వ్యాయామశాలకు పోవువారును, మోకాళ్ల నొప్పులతో బాధపడు వృద్ధులును, కాన్పుతో నీరసించిన తల్లులును దీనినే కొనుచున్నారు. ఇందఱి శరీరములతో ముడివడిన విషయమును గూర్చి మౌనము వహించుట పత్రికాధర్మము గాదని తలచి మేమీ నాలుగు మాటలను వ్రాయుచున్నాము.

అశ్వగంధమును మనవారు తెలుగున పెన్నేరు అందురు. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి వితేనియా సోమ్నిఫెరా అని పేరిడిరి. అందలి రెండవ పదమునకు నిద్రను గలిగించునదియని యర్థము. వంగ, మిరప, పొగాకు, ఉమ్మెత్త యే కుటుంబమునకు జెందినవో ఇదియు నా కుటుంబమునకు జెందినదే. కూరయు, విషమును ఒక్క కుటుంబమున బుట్టుట చదువరులు గుర్తుంచుకొనదగిన సంగతి. పచ్చి వేరునందు గుఱ్ఱపు వాసన యుండుట చేత నీ పేరు వచ్చినది. మధ్యప్రదేశమందలి నీమచ్, మందసౌర్ ప్రాంతములందును, రాజస్థానమందును, మన అనంతపురము, కర్నూలు మెట్టభూములందును దీనిని పండింతురు. నీరు తక్కువైనను బ్రదుకు పైరు. సుమారైదాఱు నెలలకు కాయలు ఎఱ్ఱబాఱినపుడు మొక్కలను పెకలించి, వేళ్లు కోసి, యెండబెట్టి, లావునుబట్టి తరగతులుగా విభజించి యమ్ముదురు. కాబట్టి ఈ వేరు మంచి చెడ్డలు రోగుల మంచి చెడ్డలు మాత్రమే గావు. కఱవు నేలలయందలి రైతుల మంచి చెడ్డలు గూడ.

దీని గుణము కల్పితము గాదు. చరకసంహిత దీనిని బలమునిచ్చు పది ద్రవ్యములలోను, శరీరమును పుష్టిపఱచు పది ద్రవ్యములలోను పేర్కొనినది. ఇది ప్రాచీనుల సాక్ష్యము. ఆధునికుల సాక్ష్యము దూరదేశమునుండి తేనక్కఱలేదు. మన హైదరాబాదునందలి యొక మనోవైద్యశాలకు జెందిన వైద్యులే 64 మందిని రెండు తెగలుగా జేసి, ఒక తెగకు అశ్వగంధపు వేరునుండి తీసిన సారమును పూటకు 300 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు రెండు పూటలును, రెండవ తెగకు అదే రూపమున నున్న వట్టి గొట్టములను 60 దినములిచ్చి చూచిరి. ఎవరికేది యిచ్చిరో తీసికొనువారికిని తెలియదు, ఇచ్చువారికిని తెలియదు. వేరు పుచ్చుకొనిన వారి యాందోళన రెండవ వారికంటె నెక్కువగా తగ్గినది. ఆందోళన వేళ రక్తమున పెరుగు కార్టిసాల్ అను ద్రవ్యమును తగ్గినది. ఈ ఫలితములు 2012లో ప్రకటితములైనవి. నిద్రను గూర్చి యైదు పరీక్షలను, అందలి 400 మంది ఫలితములను కలిపి 2021లో లెక్కించినవారు మేలు కొద్దిదే గాని నిజమైనదేయని తేల్చిరి.

అయినను ఈ సాక్ష్యమెంత దూరము పోవునో యెఱిగి మాటాడుట వివేకము. అఱువది దినములు చూచినవారు అఱువది దినముల సంగతిని మాత్రమే చెప్పగలరు. ఇట్టి పరీక్షలలో ననేకములు కొద్దిమందితో జరిగినవి. సారమును తయారుచేయు వారి ధనముతో జరిగినవియు గలవు. మూడు నెలలకు మించి నిరంతరముగా వాడినచో నేమగునో తెలుపు పరిశోధన మిక్కిలి స్వల్పము. ఆ స్వల్పమును చూపి, ఆజన్మాంతము తినవచ్చునని చెప్పు ప్రకటనకర్త పరిశోధకుడు గాడు, వర్తకుడు.

ఇక కీడు మాట. 2020లో ఐస్‌లండు, అమెరికా దేశముల వైద్యులు అశ్వగంధమును వాడిన పిమ్మట కామెరలు సోకి కాలేయము దెబ్బతినిన ఐదుగురి వృత్తాంతమును ప్రకటించిరి. మందు మానినంతట కొన్ని నెలలకు కాలేయము బాగుపడుట యిట్టి వారిలో సాధారణముగా గానవచ్చుచున్నది. ఇది విదేశీయుల మాటయని త్రోసివేయుట కవకాశము లేదు. 2023లో మన దేశపు వైద్యులే అశ్వగంధము నొక్కదానినే వాడి కాలేయము చెడిన ఎనిమిదిమందిని గూర్చి వ్రాసిరి. అదివఱకే కాలేయవ్యాధి ముదిరియుండిన వారిలో ముగ్గురు మరణించిరి. లక్షలమంది వాడుచుండగా నిట్టివారు కొలదిమందియే యనుట నిజము. కాని కొలదిమందియని తృప్తి పడుటకు ముందు ఆ కొలదిమందిలో మన యింటివారుందురా యని యడుగవలయును. కాలేయమున కొవ్వు పేరుకొనియు, మద్యపానమున చెడియు, ఆ సంగతి తామే యెఱుగక తిరుగువారు మన పట్టణములలో నెందఱు లేరు?

కీడు కాలేయముతో ముగియదు. థైరాయిడు గ్రంథి మందకొడిగా నున్న 50 మందితో జరిపి 2018లో ప్రకటించిన పరీక్షయందు ఎనిమిది వారములలో ఆ గ్రంథిరసము పెరిగినది. మందకొడిగా నున్న గ్రంథికి అది మేలు. ఆ గ్రంథి యుద్రేకించియున్న వారికదే గుణము కీడు. ఇదివఱకే థైరాయిడు మాత్ర మ్రింగుచున్నవారు వైద్యునికి చెప్పక ఈ వేరును చేర్చినచో మోతాదు రెండింతలైనట్లే. నిద్రమాత్రలతో గలిపినచో మత్తు పెరుగును. మధుమేహమునకును, రక్తపు పోటునకును మందులు వాడువారికి చక్కెరయు, పోటును మితిమీఱి తగ్గవచ్చును. శరీరము తన యంగములపై తానే తిరుగబడు కీళ్లవాతము వంటి వ్యాధులు గలవారును, గర్భవతులును, పాలిచ్చు తల్లులును దీనిని ముట్టకుండుటయే క్షేమము. మందునకు గుణము గలదన్నచో దోషమును గలదనియే యర్థము. ఏ దోషమును లేని వస్తువునకు సాధారణముగా ఏ గుణమును ఉండదు.

ఈ సందర్భమున చీనా వేరు కథ నొకదానిని చదువరులకు జ్ఞాపకము చేయుచున్నాము. చీనా వైద్యమున ఫాంగ్‌జీ యను పేరుగల వేళ్లు రెండు గలవు. ఒకటి హాన్ ఫాంగ్‌జీ, రెండవది గ్వాంగ్ ఫాంగ్‌జీ. మొదటిది స్టెఫానియా యను తీగ వేరు. రెండవది అరిస్టొలోకియా యను వేఱొక జాతి వేరు. 1990 మొదలు 1992 వఱకు బెల్జియము రాజధానియైన బ్రస్సెల్సు నగరమందొక చికిత్సాలయమున లావు తగ్గుటకై స్త్రీలకిచ్చిన మందులో మొదటి దానికి బదులు రెండవది చేరినది. పేరొక్కటియే, పొడి యొక్క తీరే. పెట్టె పైని చీటిని నమ్మినవారికి భేదము తెలియలేదు. మూత్రపిండములు చెడిన వారిని గూర్చి 1993లో వైద్యపత్రిక ప్రకటించినది. తుదకట్టివారి సంఖ్య నూఱు దాటినది. పనికిరాకపోయిన మూత్రపిండములను తీయించుకొనిన 39 మందిలో 18 మందికి మూత్రమార్గమున పుట్టకురుపు గలదని 2000లో తెలిసినది. ఆ జాతి మొక్కలతో గూడిన మందులు పుట్టకురుపును గలిగించునని అంతర్జాతీయ సంస్థ 2002లో నిర్ణయించినది. చీనా ప్రభుత్వమే 2003, 2004 సంవత్సరములలో ఆ జాతి వేళ్లను, కాడలను కొన్నింటిని తన యధికార ఔషధపట్టికనుండి తొలగించినది. వేల యేండ్ల సంప్రదాయము గల దేశమే తన పట్టికను దిద్దుకొనినది. దిద్దుకొనుట వలన దాని వైద్యమునకు తలవంపు గలుగలేదు.

ఇది పరాయివారి కథ యని మనము నవ్వుకొనరాదు. అరిస్టొలోకియా జాతి మొక్క మన కంచెలమీదను ప్రాకుచున్నది. మన పెద్దలు పాముకాటునకు వాడిన ఈశ్వరి వేరు ఆ జాతిదే. మూత్రపిండములను చెఱచు నా యామ్లమే దానియందును గలదు. పాము కఱచినపుడు దానిని నూరుచు గూర్చుండుట కంటె ఆసుపత్రికి పరుగెత్తి విషహరమైన సూదిమందు వేయించుకొనుట ప్రాణరక్షణ. పేర్ల చిక్కులును మనకు తక్కువ గావు. గలిజేరు అన్నచో ఒకరు తెల్లగలిజేరును, మఱియొకరు అటికమామిడిని తెత్తురు. రెండును వేర్వేఱు మొక్కలు. సుగంధిపాల అడిగినచో మారేడుగడ్డలు చేతికివచ్చుట కలదు. పానకమునకు రెండును కమ్మగానే యుండును గాని మందునకు రెండును ఒకటి గావు. అశ్వగంధమునకు భారతీయ జిన్‌సెంగ్ అని క్రొత్త బిరుదు తగిలించుచున్నారు. చీనావారి జిన్‌సెంగ్ వేఱు కుటుంబపు మొక్క, దాని సత్త్వములు వేఱు. మనదానికి పొరుగువాని పేరు పెట్టి గొప్ప చేయవలసిన యవసరమేమి? ఇంటిబిడ్డకు ఇంటిపేరే యందము.

అశ్వగంధమున కలుగు కల్తీ మఱింత సూక్ష్మమైనది. మొక్క మారదు, అంగము మారును. శాస్త్రము మందుగా చెప్పినది వేరును. వేరు తయారగుటకు నెలలు పట్టును, త్రవ్వుటకు కూలి కావలయును. ఆకు విస్తారముగ దొరకును, చౌక. వితనోలైడ్లు అను సత్త్వములు గలవని ప్రయోగశాలలో తేల్చుటకు ఆకుసారము కలిపినను చాలును. కాని ఆకునందు వితఫెరిన్-ఏ యను సత్త్వము వేరునందు కంటె హెచ్చు. అది జీవకణములను చంపు శక్తి గలది. అందుచేతనే కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ 2021 అక్టోబరునందు ఆయుష్ ఔషధములలో అశ్వగంధపు ఆకును వాడవలదని తయారీదారులకు సలహా నిచ్చినది. సలహా మంచిదే. అది పాటింపబడుచున్నదో లేదో కనుగొనుటకు పరీక్ష కావలయును. చీటిమీద వేరు బొమ్మ యుండుట పరీక్ష గాదు.

ఇంకొక చిక్కు గలదు. ఒక్క వేరు రెండు చట్టముల నీడను అమ్ముడగుచున్నది. ఆయుర్వేద ఔషధముగా నమ్మునపుడు 1940 నాటి ఔషధముల చట్టమునకు 1964లో చేసిన సవరణ ప్రకారము లైసెన్సు పొందవలయును. పోషకాహారముగా నమ్మునపుడు ఆహారభద్రతాసంస్థ వారి 2016 నాటి నిబంధనలు వర్తించును. ఒక సీసా మీద ఔషధ లైసెన్సు సంఖ్యయు, ప్రక్క సీసా మీద ఆహార లైసెన్సు సంఖ్యయు నుండును. కొనువాడు రెంటిని ఒక్కటిగానే మ్రింగును. ఔషధమైనచో వైద్యుని మాట యడుగుదుము. ఆహారమని వ్రాసినంతట నా జాగ్రత్త సడలిపోవును. మ్రింగువాని కాలేయమునకు ఈ రెండు చట్టముల భేదము తెలియదు గదా!

మా వాదమునకు రెండు దిక్కులనుండి యాక్షేపణలు రాగలవు. వేల యేండ్లుగా మన పూర్వులు వాడిన దానిని శంకించుట తగదని ఒకరందురు. పూర్వులెట్లు వాడిరో చూతము. వైద్యుడు రోగిని చూచి, చూర్ణమును మూడు మొదలు ఆఱు గ్రాముల వఱకు పాలతో నిచ్చెను. పథ్యము చెప్పెను, గడువు చెప్పెను. గ్రాములకొలది వేరు సారమును చిన్న గొట్టమున బిగించి, థైరాయిడు మాత్రతోను, నిద్రమాత్రతోను గలిపి, గడువు లేక తినుమని యే సంహితయు జెప్పలేదు. కావున పూర్వుల పేరు చెప్పి వారు చేయని పనిని చేయుట వారికి గౌరవము గాదు. ఇది విదేశీ మందుల కంపెనీల కుట్రయని మఱికొందఱందురు. అశ్వగంధము మేలు చేసెనని నిరూపించిన పద్ధతి యేదో, కీడును లెక్కించు పద్ధతియు నా శాస్త్రమునకు జెందినదే. మేలు చెప్పినపుడు శాస్త్రమని నెత్తిన బెట్టుకొని, కీడు చెప్పినపుడు కుట్రయని త్రోసివేయుట న్యాయము గాదు. ఒకే త్రాసున రెండు తట్టలుండవలయును.

రెండవ దిక్కువారు దీనిని నిషేధింపుమందురు. డెన్మార్కు దేశము 2023లో నట్లే చేసినది. దానిని మేము మన దేశమునకు మార్గముగా నొప్పుకొనజాలము. అక్కడ అది అంగటిసరకు. ఇక్కడ అది పైరు, వైద్యము, జీవనము. నిషేధించినచో మంచి వేరు పండించు రైతు నష్టపడును, దొంగచాటున ఆకుపొడి యమ్మువాడు మాత్రము నిలుచును. సర్పగంధి వేరు చరిత్రయే మనకు మార్గదర్శి. ఆ వేరు రక్తపు పోటును తగ్గించునని డాక్టరు రుస్తుం జాల్ వకీలు 1949లో బ్రిటిషు హృదయవైద్య పత్రికలో ప్రకటించెను. 1952లో దాని సత్త్వమగు రిసర్పీన్‌ను స్విట్జర్లండునందు వేరుచేసిరి. లోకమంతయు వాడినది. మోతాదు మించినచో మనసు క్రుంగుట మొదలగు దోషములు గలవనియు నదే లోకము తెలిసికొనినది. గుణము, మోతాదు, దోషము మూడును దెలిసిన పిమ్మటనే ఆ వేరు నిజముగా మందైనది. అశ్వగంధమునకును ఆ గౌరవమే చేయుడని మా విన్నపము.

అందులకు కావలసిన సంపత్తి మన వాకిటనే యున్నది. దిల్‌సుఖ్‌నగరునకు కూతవేటు దూరమున గడ్డిఅన్నారమందు భారతీయ వైద్య వారసత్వ జాతీయ సంస్థ గలదు. 1956లో ఉస్మానియా వైద్యకళాశాలయందు వైద్యచరిత్ర శాఖగా బుట్టిన యా విద్యాపీఠము, చరిత్రకారుడగు డాక్టరు డి.వి. సుబ్బారెడ్డిగారి పరిశ్రమతో వేళ్లూనినది. నేడు నిఘంటువులను, సంహితలను సర్వజనులును వెదకి చదువుకొనునట్లు సిద్ధపఱచినది. ఏ పేరు ఏ మొక్కదో తెలుపు నిఘంటువులట నుండగా మన అంగళ్లలో పేర్ల గందరగోళము సాగుట సిగ్గుచేటు. అటు బోడుప్పలునందు కేంద్రీయ ఔషధ సుగంధ సస్య సంస్థవారి పరిశోధనకేంద్రము గలదు. ఒకచోట గ్రంథము, ఒకచోట మొక్క. ఈ రెండింటికి నడుమ కొనువాడు మాత్రము చీకటిలో నున్నాడు.

కాబట్టి మేము కోరునది యిది. అశ్వగంధమును ఔషధముగా నమ్మినను ఆహారముగా నమ్మినను చీటిపై వేరా, ఆకా, చూర్ణమా, సారమా యనునది తెలుగున స్పష్టముగ నుండవలయును. దినమునకెంత, ఎన్ని దినములు, ఎవరు వాడరాదు అను మూడు మాటలును పెద్దయక్షరములతో నచ్చొత్తింపవలయును. ప్రతి తయారీయందలి సరకును ఆకు కల్తీకై పరీక్షించి, ఆ ఫలితమును ప్రకటింపవలయును. వేరు నిజమైనదని తేలిన రైతునకు హెచ్చు వెల యీయవలయును. మంచి వేరునకును కల్తీ పొడికిని ఒకే వెల యున్నంత కాలము నిజాయితీ నిలువదు.

చదువరులు చేయదగినదియు గలదు. వైద్యుని యొద్దకు పోవునపుడు అల్లోపతి మాత్రలతోపాటు ఇంటనున్న ఆయుర్వేదపు సీసాను కూడ చేతబట్టుకొని పొండు. కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురు రంగునకు తిరిగినను, ఒడలు దురద పెట్టినను, ఆకలి చచ్చినను ఆ దినముననే మందు మానివేసి రక్తపరీక్ష చేయించుకొనుడు. శస్త్రచికిత్సకు పోవువారు ముందుగనే వైద్యునికి తెలుపుడు. ఆయుష్ మందుల దోషవార్తలను సేకరించు ప్రభుత్వపు టేర్పాటు గలదు. వైద్యుని ద్వారా దానికి తెలియజేయుడు. చెప్పని బాధ లెక్కకు రాదు. లెక్కకు రాని బాధను ఏ ప్రభుత్వమును సవరింపదు.

నాదర్‌గుల్, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతములందలి పఠనమందిరముల కార్యదర్శులను మేము ప్రత్యేకముగ కోరుచున్నాము. పైని చెప్పిన జాగ్రత్తలను ఒక కాగితముపై వ్రాయించి, విద్యార్థులు కూర్చుండు గోడకు తగిలింపుడు. నిద్ర రాని కుఱ్ఱవానికి సీసా కంటె ముందు వేళకు తిండి, వేళకు పడక, తన భయమును విను నొక పెద్దమనిషి కావలయును. ఆ పెద్దమనిషి దొరకనిచోట వేరు అమ్మువాడు దొరకును.

అశ్వగంధము మన నేలలో పండిన మంచి మూలిక. దానిని నిందించుట మాకిష్టము లేదు. దాని పేరు చెప్పి మోసపుచ్చుట నంతకంటెను సహింపజాలము. స్వదేశీయమగు వస్తువునకు రాయితీ చూపుట దేశభక్తి గాదు. దానిని ఏ దేశపు త్రాసున నైనను నిలువగలుగునట్లు చేయుటయే దేశభక్తి.